బిగిసిన గాలి, పగిలిన రాయి

ఎడిన్‌బరో నడిబొడ్డున గ్రేఫ్రయర్స్ అనే పాత సమాధుల తోట ఉంది. 1562లో స్కాట్లండ్ రాణి మేరీ ఊరివాళ్ల ఖననాల కోసం ఇచ్చిన స్థలం అది. దక్షిణం వైపున, మామూలుగా తాళం వేసి ఉంచే ఒక ఆవరణలో జోసెఫ్ బ్లాక్ సమాధి ఉంది. 1799 డిసెంబరులో ఆయన చనిపోయాక, ఇసుకరాతి చట్రంలో పెద్ద తెల్ల చలువరాతి పలకను పొదిగి, దానిమీద ఆయన పేరూ పెద్దరికమూ చెక్కించారు. చలువరాయి శాశ్వతంగా నిలుస్తుందని చెక్కించినవాళ్ల నమ్మకం. కానీ ఎనభై ఏళ్లు తిరిగేసరికే ఆ అక్షరాల్లో కొన్ని చదవడానికి వీల్లేకుండా పోయాయి.

ఆ రాతిని తిన్నది ఏమిటో ఆ కాలంలో అందరికన్నా బాగా చెప్పగలిగినవాడు బ్లాకే.

బ్లాక్ రసాయన శాస్త్రవేత్త. 1750ల్లో ఆయన సున్నపురాయినీ, దానిలాంటి మెగ్నీషియా పదార్థాన్నీ కాల్చి, కాల్చక ముందూ కాల్చిన తర్వాతా తక్కెడలో తూచాడు. కాలిన రాయి తేలికైపోయేది. ఇప్పటి లెక్కల్లో చెప్పాలంటే, 100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయి బాగా కాలితే 44 గ్రాములు తగ్గి 56 గ్రాముల సున్నం మిగులుతుంది. ఆ 44 గ్రాములూ ఎక్కడికి పోయాయి? రాతిలో బిగిసి ఉన్న ఒక గాలి బయటికి వెళ్లిపోయిందని బ్లాక్ తేల్చాడు. దానికి ‘బిగిసిన గాలి’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు. అదే కార్బన్ డై ఆక్సైడ్. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడడం తెలుగు పిల్లలు బడిలో చేసి చూసే ప్రయోగమే. మనిషి ఊపిరిలోనూ ఈ గాలి ఉందని బ్లాక్ రుజువు చేసింది సున్నపు తేటతోనే.

చలువరాయి కూడా పుట్టుకకు సున్నపురాయే. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ అది మళ్లీ స్ఫటికాలు కట్టి చలువరాయి అవుతుంది. వానచినుకు ఆకాశంలోంచి దిగుతూ కొంత కార్బన్ డై ఆక్సైడ్‌ను తనలో కలుపుకుంటుంది. అందుకే ఏ కాలుష్యమూ లేని చోటైనా వాననీరు కొద్దిగా ఆమ్లంగానే ఉంటుంది. దాని పీహెచ్ సుమారు 5.6. ఆ నీరు సున్నపురాతిని తాకిన చోట కొంచెం కరిగించి తీసుకుపోతుంది. బొర్రా గుహలనూ బెలుం గుహలనూ తొలిచింది ఇదే పని. గుహకు లక్షల ఏళ్ల వ్యవధి ఉంది. సమాధి మీది అక్షరం లోతు మాత్రం కొన్ని మిల్లీమీటర్లే.

ఎడిన్‌బరోలో దీనికి బొగ్గు పొగ తోడైంది. ఆ ఊరి ముద్దుపేరు ‘ఆల్డ్ రీకీ’ అంటే పొగల ముసలి ఊరనే. బొగ్గులోని గంధకం కాలి, వానలో కలిసి, గంధకామ్లమై రాతిమీద పడితే చలువరాయి పైపొర జిప్సంగా మారుతుంది. వాన నేరుగా తగిలే చోట ఆ జిప్సం కరిగి కొట్టుకుపోతుంది. వాన తగలని మరుగుల్లో మసితో కలిసి నల్లటి పెచ్చు కడుతుంది. కొన్నాళ్లకు ఆ పెచ్చు బొబ్బలా ఉబ్బి ఊడుతుంది. ఊడేటప్పుడు అక్షరాన్ని కూడా వెంట తీసుకుపోతుంది.

తేదీ ఉన్న ప్రయోగం

బ్లాక్ పలక అరిగిపోయిందని లోకానికి చెప్పినవాడు ఆర్చిబాల్డ్ గైకీ. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆయన భూగర్భశాస్త్రం ఆచార్యుడు. కొండలు అరిగే వేగం ఎంతో తెలుసుకోవాలంటే అరగడం ఎప్పుడు మొదలైందో తెలియాలి. కొండకు పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టలేదు. సమాధి రాతికి మాత్రం అది చెక్కే ఉంటుంది. ఉలి దెబ్బ పడిన రోజున ఆ రాయి నునుపుగా, అక్షరాలు పదునుగా ఉన్నాయన్న సంగతి ఖాయం. కాబట్టి శ్మశానంలోని ప్రతి రాయీ ఎవరూ తలపెట్టకుండానే మొదలైన ఒక ప్రయోగం.

గైకీ ఊళ్లోని సమాధుల తోటలన్నీ తిరిగి, చూసినదాన్ని 1880లో ప్రచురించాడు. చలువరాయి మూడు విధాల చెడుతోందని అందులో రాశాడు. మొదటిది, పైపొర కరిగిపోవడం. రెండోది, లోపలి స్ఫటికాల మధ్య పట్టు సడలి, గట్టిగా కనిపించే పలుచని పొర కింద రాయి పంచదారలా పొడి కావడం. మూడోది, పలక మొత్తం పొట్టలా ఉబ్బి, వంగి, చివరికి పగలడం. ఎడిన్‌బరో గాలిలో నిలబెట్టిన చలువరాతి పలక నూరేళ్లు తిరక్కుండానే నాశనమవుతుందని ఆయన అంచనా వేశాడు. అదే ఊళ్లో, సిలికా ఎక్కువగా ఉన్న మంచి ఇసుకరాతి మీద మాత్రం రెండు వందల ఏళ్ల నాటి ఉలి గుర్తులు ఇంకా నిలిచే ఉన్నాయి.

ఆ తర్వాతి పరిశోధకులు ఇదే ఆలోచనను కొలతగా మార్చారు. కొన్ని చలువరాతి పలకల్లో అక్షరాల గాడుల్లోకి సీసం కొట్టి, పలకతో సమానంగా నునుపు చేసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ చలువరాయి అరుగుతుంది, సీసం అలాగే ఉంటుంది. చేత్తో తడిమితే అక్షరం ఎత్తుగా తగులుతుంది. ఆ ఎత్తును సన్నని కొలమానంతో కొలిచి, రాయి వయసుతో భాగిస్తే ఏటికెంత అరిగిందో తెలుస్తుంది. పొగ ఎక్కువైన పేటల్లో ఎంత, పల్లెల్లో ఎంత అన్న తేడా అలా లెక్కకు వచ్చింది.

రాతిమీది లైకెన్‌కు కూడా ఇలాంటి విలువే ఉంది. అది చాలా నెమ్మదిగా, గుండ్రంగా పెరిగే జీవం. 1950లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు రోలండ్ బెషెల్ లైకెన్ మచ్చల వెడల్పును బట్టి హిమానీనదాలు వదిలి వెళ్లిన రాళ్ల వయసు కట్టే పద్ధతిని ముందుకు తెచ్చాడు. మచ్చ ఏటికెంత పెరుగుతుందో తెలియడానికి తేదీ తెలిసిన రాయి కావాలి. సమాధి రాళ్లు ఆ పనికి వచ్చాయి. శుభ్రం చేద్దామన్న మంచి ఉద్దేశంతో లైకెన్‌ను గోకి పారేసేవారు, తెలియకుండానే ఒక కాలెండరును చింపేస్తున్నారు.

బ్లాక్ ఉన్న ఆవరణలోనే ఆయన స్నేహితుడు జేమ్స్ హటన్ కూడా ఉన్నాడు. నేల మెల్లమెల్లగా అరిగి, సముద్రం అడుగున పేరుకుని, మళ్లీ నేలగా లేస్తుందని చెప్పిన ఆధునిక భూగర్భశాస్త్ర పితామహుడాయన. 1797లో చనిపోయాడు. ఆయన సమాధికి 150 ఏళ్లు గుర్తన్నదే లేదు. 1947లో గానీ పేరు చెప్పే ఫలకం పెట్టలేదు. ఖననాల పుస్తకంలో రాసి ఉంచకపోతే హటన్ ఎక్కడున్నాడో తెలిసే దారి కూడా ఉండేది కాదు.

చీపురు పట్టేముందు

పాత సమాధుల తోటలకు కాలం చేసే హాని నెమ్మదిగా జరుగుతుంది. బాగుచేద్దామని వచ్చినవాళ్లు ఒక్క పూటలో చేసే హాని అంతకన్నా పెద్దది. గడ్డి కోసే యంత్రం రాయి అడుగును చెక్కేస్తుంది. ఇనుప తీగల బ్రష్షు పైపొరను లేపేస్తుంది. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రావణం నాచును చంపుతుంది గానీ రాతి రంధ్రాల్లో లవణాలు మిగులుస్తుంది. అవి తడికి కరిగి, ఎండకు మళ్లీ స్ఫటికాలు కట్టి, ప్రతిసారీ రాతిని లోపలినుంచి కొంచెం నెడతాయి. ఆమ్లం సంగతి చెప్పనక్కర్లేదు, బ్లాక్ పలకకు ఆకాశం చేసిన పనిని అది నిమిషాల్లో చేస్తుంది.

పగిలిన రాళ్ల విషయంలో జరిగే పొరపాటు వేరు. విరిగిన ముక్కలన్నిటినీ ఏరి గోడ పక్కన కుప్ప పోస్తారు. చోటు శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ముక్క పడి ఉన్న చోటే దాని చిరునామా. పేరు ఒక ముక్క మీద, తేదీ ఒక ముక్క మీద, ఊరు మరో ముక్క మీద ఉంటాయి. పక్కపక్క సమాధుల ముక్కలు కలిసిపోతే ఎవరి తేదీ ఎవరిదో మళ్లీ చెప్పలేరు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు మొదటి రోజు దేన్నీ కదపరు. తోట అంతటికీ ఒక పటం గీస్తారు. ఫోను చూపించే జీపీఎస్ స్థానం కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, పక్కపక్కన రెండు సమాధులున్న చోట అది చాలదు. గోడ మూలల్లాంటి కదలని రెండు గుర్తుల నుంచి టేపుతో కొలుస్తారు. ప్రతి రాతికీ ఒక నంబరు, ప్రతి ముక్కకూ దాని కింద ఒక అక్షరం. 14-క, 14-ఖ, 14-గ. ఆ నంబరును రాతిమీద రంగుతో రాయరు. పక్కన చీటీ పెట్టి, కొలబద్దనూ ఉత్తరం చూపే బాణాన్నీ చేర్చి ఫొటో తీస్తారు. ఏ ముఖం పైకి ఉంది, ఏ వైపు ఒరిగింది, పగులు పాతదా కొత్తదా అన్నది రాసుకుంటారు. పగిలిన అంచు తెల్లగా, శుభ్రంగా ఉంటే దెబ్బ ఈమధ్యది. నాచు పట్టి ఉంటే పాతది.

అక్షరాలను ఎత్తి రాయడం ఒక క్రమశిక్షణ. రాతిమీద ఏ వరుసలో ఏముందో కాగితం మీద ఆ వరుసలోనే రాయాలి. శిల్పి తప్పు చెక్కితే ఆ తప్పును దిద్దకూడదు. పోయిన అక్షరాలను బ్రాకెట్లలో చూపించి, ఊహించి నింపినవి ఊహలేనని తెలిసేలా రాయాలి. శాసనాలు చదివే పండితులు పాటించే నియమమూ ఇదే.

మట్టిలో మునిగిన రాళ్ల కథ ఇంకోటి. ఈశాన్య స్కాట్లండ్‌లో మోరే బరియల్ గ్రౌండ్ రీసెర్చ్ గ్రూప్ అనే స్వచ్ఛంద బృందం పచ్చిక కింద కూరుకుపోయిన పలకలను వెతికి పట్టుకుంటుంది. గడ్డిపొరను చాపలా లేపి, పలకను కడిగి, చదివి, ఫొటో తీసి, మళ్లీ గడ్డిని కప్పేస్తుంది. వానకూ మంచుకూ దూరంగా మట్టి కింద ఉండడమే ఆ రాతికి క్షేమం. చదవడం పూర్తయ్యాక దాన్ని అక్కడే పడుకోనిస్తారు.

వెలుగును వంచి చదవడం

అరిగిన అక్షరాన్ని చదవడానికి జనం చాలా చేశారు. సుద్దముక్క రాశారు, పిండి చల్లారు, గడ్డం గీసుకునే నురగ పూశారు. పిండి బూజుకు మేత అవుతుంది. నురగలోని ఆమ్లపు అంశం రంధ్రాల్లో మిగిలిపోతుంది. కాగితం వేసి మైనం ముక్కతో రుద్దే పద్ధతిలో, పొరలు లేచిన రాయి అక్కడికక్కడే ఊడిపోవచ్చు.

తెలుగు శాసనాలను తీసే పద్ధతి కూడా ఇక్కడ జాగ్రత్త కోరుతుంది. శాసన పరిశోధకులు తడిపిన కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్షుతో అక్షరాల గుంటల్లోకి కొట్టి, ఆరుతుండగా సిరా అద్ది ఎస్టాంపేజీ తీస్తారు. గట్టి నల్లరాయికి అది బాగా నప్పుతుంది. పంచదారలా పొడి అవుతున్న చలువరాయి ఆ దెబ్బలకు తట్టుకోలేదు.

రాతిని తాకకుండా చదివించగలిగేది వెలుగు. మిట్టమధ్యాహ్నం ఎండలో చదువుకు అందని రాయి పొద్దువాలే వేళ చదువుకు అందుతుంది. వెలుగు ఏటవాలుగా పడితే సన్నని గుంటలో కూడా నీడ నిలుస్తుంది. రాయి ఉత్తరం ముఖంగా ఉండి ఎండే పడకపోతే? నిలువుటద్దం పట్టి సూర్యకాంతిని పక్కనుంచి దానిమీదికి మళ్లిస్తారు. అమెరికాలో డేనియల్ ఫార్బర్ అనే ఫొటోగ్రాఫరు ఈ అద్దం పద్ధతితోనే న్యూ ఇంగ్లండ్ పాత సమాధి రాళ్లను వేల సంఖ్యలో చిత్రించాడు.

2001లో హ్యూలెట్ పాకార్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం ఈ ఉపాయాన్ని కంప్యూటరుకు నేర్పింది. కెమెరాను కదలకుండా నిలిపి, దీపాన్ని మాత్రం చుట్టూ తిప్పుతూ కొన్ని పదుల ఫొటోలు తీస్తారు. రాతి పక్కన ఒక నున్నటి నల్లగోళీ ఉంచుతారు. ప్రతి ఫొటోలో గోళీ మీది మెరుపు చుక్కను బట్టి వెలుగు ఎటునుంచి వచ్చిందో కంప్యూటరు లెక్కగడుతుంది. ఆ తర్వాత తెర మీద వెలుగును కావలసిన వైపుకు తిప్పుకుంటూ, ఇంట్లో కూర్చుని ఒక్కొక్క అక్షరాన్నీ చదవవచ్చు. ఒకదానిమీద ఒకటి పడేలా చుట్టూ ఫొటోలు తీస్తే ముక్క ఆకారం మొత్తం తెర మీద కడుతుంది. అప్పుడు 14-క పగులు 14-ఖ పగులుకు అతుకుతుందో లేదో బరువైన రాళ్లను ఎత్తకుండానే తేల్చుకోవచ్చు. అంచులు ఒకదానితో ఒకటి రాసుకుంటే అతుకు గుర్తులు అరిగిపోతాయి. తెర మీద ఆ భయం లేదు.

నమోదు ఎంత కాలం నిలుస్తుందో తెలుగు తీరం మీదే చూడవచ్చు. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ డచ్చివారి కట్టడాల మీద 1897లో ఒక గ్రంథం తెచ్చాడు. బందరు, భీమునిపట్నం, పులికాట్ లాంటి చోట్ల ఉన్న డచ్చి సమాధుల వివరాలు చిత్రపటాలతో సహా అందులో చేరాయి. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల మీది రాతలను ఒక పెద్ద జాబితాగా అచ్చువేయించాడు. సముద్రపు ఉప్పుగాలిలో, చెట్ల వేళ్ల మధ్య పగిలిన పలక మీద సగం పేరు మిగిలిన చోట, మిగతా సగం కోసం ఇప్పటికీ ఆ పుటలే తిరగేయాలి.

ఎత్తడం, అతకడం

నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న పలక చూడడానికి పెద్దదిగా అనిపించదు. ఘనపు మీటరు రాయి సుమారు 2,700 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన ఈ పలక బరువు దాదాపు 200 కిలోలు, అంటే ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది. 2015లో గ్లాస్గోలోని ఒక శ్మశానంలో రాయి మీద పడి ఎనిమిదేళ్ల బాలుడు ప్రాణం కోల్పోయాడు. ఒరిగిన రాతి దగ్గరికి పిల్లలను పోనివ్వకపోవడం, ఒంటరిగా దేన్నీ ఎత్తబోకపోవడం ఈ పనిలో మొట్టమొదటి నియమాలు.

అలాగని భయంతో నిలబడ్డ రాళ్లన్నిటినీ నేలమీద పడుకోబెట్టడం కూడా మందు కాదు. వెల్లకిలా పడుకున్న రాతిమీద నీళ్లు నిలుస్తాయి, చలిదేశాల్లో ఆ నీళ్లు గడ్డకట్టి పగుళ్లను వెడల్పు చేస్తాయి. బోర్లా పడిన రాయి నేల తడిని పీల్చుకుంటుంది. తప్పనిసరిగా పడుకోబెట్టాల్సి వస్తే కింద కంకర పరిచి, నీరు జారిపోయేలా కొంచెం వాలుగా ఉంచాలి. విడి ముక్కలను నేలకు తగలకుండా చెక్కల మీద, నంబరు చీటీతో, నీడలో పెట్టాలి.

కడగడానికి మంచినీళ్లూ మెత్తని పీచు బ్రష్షూ చాలు. ముందే తడిపి, కిందినుంచి పైకి కడుగుతూ రావాలి. రుద్దితే ఇసుక రాలుతోందంటే ఆ రాయిని వదిలేయాలి.

అతికించే పని నేర్చినవారిది. పాతకాలం మేస్త్రీలు ముక్కలను ఇనుప కడ్డీలతో బిగించేవారు. ఇనుము తుప్పు పడితే అంతకు ముందుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలంటుంది. రాతి లోపల ఆ చోటు లేదు, అందుకే కడ్డీ ఉన్నచోటే రాయి మళ్లీ పగులుతుంది. ఇప్పుడు తుప్పు పట్టని ఉక్కు కడ్డీలు వాడతారు. సిమెంటు చేసే చెడు అంత సులువుగా కంటికి ఆనదు. అది పాత రాతికన్నా గట్టిది, తడిని బయటికి పోనివ్వదు. దారి మూసుకున్న నీరు పక్కనున్న మెత్తటి రాతిలోంచి వెళుతూ, తన ఉప్పును అక్కడే వదులుతుంది. కొన్నేళ్లకు సిమెంటు అతుకు చెక్కుచెదరకుండా నిలుస్తుంది, దాని రెండువైపులా రాయి పొడిపొడిగా రాలిపోతుంది. అతుకు ఎప్పుడూ రాతికన్నా మెత్తగా ఉండాలి. చెడితే అతుకు చెడాలి.

ఆ గుణం సున్నానికి ఉంది. గానుగలో ఆడించిన సున్నంతో కోటలూ మేడలూ కట్టిన తెలుగునాట దాని ఓపిక తెలిసిందే. సున్నపు గచ్చు ఒక్కరోజులో గట్టిపడదు. అది ఆరిపోకుండా రాతి అతుకు మీద తడి గోనెపట్టా కప్పి, రోజూ నీళ్లు చిలకరిస్తూ వారాల తరబడి కాపాడాలి. ఆ పట్టా కింద జరిగేది బ్లాక్ ప్రయోగానికి తిరుగు ప్రయాణం. బట్టీలో కాలినప్పుడు రాయి వదిలేసిన బిగిసిన గాలిని సున్నం చుట్టూ ఉన్న గాలిలోంచి కొంచెం కొంచెంగా మళ్లీ లోపలికి తీసుకుంటుంది. పట్టా తీసే రోజుకు 14-క, 14-ఖల మధ్య సన్నని తెల్లని గీత ఒకటి కనిపిస్తుంది. పైపొర మళ్లీ సున్నపురాయిగా మారుతూ ఉంటుంది, లోపలి పొరలకు ఇంకా నెలలు పడుతుంది.